పచ్చ గుర్తు పడిన జవాబు

శంషాబాద్,
22 జూన్ 2013, శనివారం.

బావకు,

నీ కళ్యాణి రాస్తున్నది. ఇక్కడ మామ, అత్తమ్మ, నేను ముగ్గురం వేళకు తింటున్నాం, మందులు మరచిపోకుండా వేసుకుంటున్నాం, తలుపు గడియ పెట్టుకుని పడుకుంటున్నాం. క్షేమమంటే ఇంతే అయితే క్షేమంగానే ఉన్నాం. నువ్వూ ఆ సముద్రపు గాలికి జలుబు తెచ్చుకోకుండా, క్యాంపు వంటవాడి చేపల పులుసుకు అలవాటు పడి, పోర్ట్‌బ్లెయిర్‌లో కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం గురువారం అందింది. అడిగినవన్నీ వరుసగా చెబుతాను. వాన పడింది. మిరుగం కార్తె రోజు పొద్దున మొదలై మధ్యాహ్నం దాకా కొట్టింది. విత్తడానికి గుంటెడు భూమి లేకపోయినా మామ అరుగు మీద కుర్చీ వేసుకుని, ఇది విత్తనాల వానా కాదా అని అత్తమ్మతో వాదం పెట్టుకున్నాడు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులు అట్లాగే ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో ఎవరో నూనె ఇస్తారంటే తెప్పించాం, ఇప్పుడు ఇల్లంతా ఆ వాసనే. నీ మోటారు సైకిల్‌ను వారానికోసారి స్టార్టు చేస్తున్నాను. నడిపి కూడా చూశానా అని మాత్రం అడగకు.

ఇక నాలుగోది నువ్వు ఉత్తరంలో అడిగింది కాదు, ఫోన్‌లో అడిగింది. "బాపు పాఠం ఇక్కడికీ వచ్చింది, ప్రింటు తీసి గోడకు అంటించాను, మా డ్రైవర్లకు దగ్గరుండి నేర్పిస్తున్నాను, నెలాఖరుకు ఓడలో బ్యాటరీ ట్రాక్టర్లు కూడా వస్తున్నాయి" అని మామ గురించి గొప్పగా నువ్వు రాసింది చదివి, చెప్పులు కూడా విప్పకుండా నీకు ఫోన్ చేశాను. లైను తెగేలోపు రెండు మాటలే అందించగలిగాను. ఆ పాఠం ఇక ఎవరికీ చెప్పొద్దు, బండి ఆపిన ప్రతిసారీ హ్యాండ్‌బ్రేకు వేయించి చక్రాల కింద దిమ్మె పెట్టించు అన్నాను. నువ్వు "ఎందుకే?" అన్నావు. లైను పోయింది.

లైను ఉన్నా చెప్పగలిగేదాన్ని కాదు. మామ పక్క గదిలోనే ఉన్నాడు. ఆయన సెలవులో ఉన్నాడని అంతకుముందు నీకు చెప్పాను కదా, అది అబద్ధం. పదకొండు రోజులుగా ఆయనను డ్యూటీకి రానివ్వడం లేదు. ఎల్లుండి సోమవారం విచారణ ఉంది, బెంగళూరు ఆఫీసు నుంచి అధికారి వస్తున్నాడు. మామ పేరు పెట్టి, మొగులయ్య ఇచ్చిన తప్పుడు సలహా వల్ల ఒక మనిషి కాలు పోయే స్థితికి వచ్చిందని కాగితం తయారై ఉంది. ఉద్యోగం పోతే పోయింది, ఆ మాట పట్టుకుని ఆయన మిగతా రోజులు ఎట్లా బతుకుతాడన్నదే నా భయం. మొదటి నుంచి రాస్తాను. కోపం వచ్చినా చివరిదాకా చదువు.

ఫిబ్రవరిలో నువ్వు వెళ్ళేనాటికి, ఇక్కడి ఎయిర్‌పోర్టులో మన కంపెనీ పెట్టిన 'ముచ్చట' ఇంకా కొత్త. హాజరు వేసే కంప్యూటర్‌లో నంబరు కొట్టగానే తెరుచుకునే ఆ పేజీని చూసి, ఫేసుబుక్కు ఆఫీసుకు కూడా వచ్చిందని నువ్వు నవ్వావు. కంపెనీ ఉద్దేశం మంచిదే. పని బాగా తెలిసినవాళ్ళకు రాయడం రాదు, కొత్తగా చేరినవాళ్ళకు అడగడానికి మొహమాటం. ఎవరి సందేహం వాళ్ళు అందులో పెడితే, తెలిసినవాళ్ళు జవాబు చెబితే, శిక్షణ దానంతటదే సాగుతుందనుకున్నారు. దానికి పేరు పెట్టింది నేను. దాని కాపలా కూడా నాదే. రాయలేనివాళ్ళు చెప్పింది టైపు చేయడం, ఎవరైనా తిట్లు, చెత్త రాస్తే తీసేయడం, షిఫ్టు మొదట్లో కొత్త జవాబులు అందరికీ చదివి వినిపించడం నా పని. ఎంతమంది అందులో పాల్గొంటే నాకు అంత మంచి పేరు.

ఏప్రిల్‌లో ఒక కొత్త డ్రైవర్ అందులో ఒక ప్రశ్న పెట్టాడు. సామాన్ల ట్రాక్టర్ దిగిన ప్రతిసారీ దిమ్మె పెట్టాలంటే టైం సరిపోవడం లేదు, ఇంకేమైనా ఉపాయం ఉందా అని. మామ చాయ్ గ్లాసు పట్టుకుని నా బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. ప్రశ్న చదివి వినిపించాను.

"రాయి బిడ్డా. మొగులయ్య చెప్తుండని రాయి. ఇంజన్ బంద్ చేసి గేర్ల వెట్టి దిగితే బండి ఏడికి పోదు. ముప్పై ఏండ్ల సంది పొలం గట్ల మీద గట్లనే ఆపిన. ఒక్కనాడు జారలే."

రాశాను. డీజిల్ బండి విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. కానీ మార్చిలో మనకు ఎనిమిది బ్యాటరీ ట్రాక్టర్లు వచ్చాయి. వాటికి గేరు పట్టు ఉండదు. బంద్ చేసి వదిలితే చక్రాలు వాటి ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి. మామ నడిపేది ఇప్పటికీ పాత డీజిల్ బండే కాబట్టి ఆయనకు ఆ సంగతి తెలియదు. తెలిసినవాళ్ళు లేకపోలేదు.

ఆ జవాబు కింద లైకులు ఎట్లా పడ్డాయో చూడాల్సింది. బెంగళూరులో ఈ ఏర్పాటు చేసినవాళ్ళు లైకు అంటే 'ఇది సరైనది' అని అర్థం పెట్టుకున్నారు. యాభై పడగానే జవాబు పక్కన పచ్చ గుర్తు దానంతటదే వస్తుంది. పచ్చ గుర్తు పడిన జవాబు పాఠంగా మారి కొత్తవాళ్ళ పరీక్షలోకి వెళుతుంది. మనవాళ్ళకు లైకు అంటే అది కాదు. డ్యూటీకి వచ్చారు, నంబరు కొట్టారు, తెర మీద మొగులయ్య పేరు కనిపించింది, నొక్కారు. చాలామంది జవాబు చదవనే లేదు. బ్యాటరీ బండ్లు బాగుచేసే ముత్తయ్యన్న కూడా నొక్కాడు. అంతా అయ్యాక అతన్ని అడిగాను.

"తప్పని ఎరికే గదా అన్నా?"

"ఎరికే. గది ఏరే సంగతి. పెద్దమనిషి పేరు కనవడ్డది. నొక్కకుంట పోతే ముంగట్నుంచి నమస్తే వెట్టకుంట పోయినట్టుంటది గద."

మూడు రోజులకు పచ్చ గుర్తు పడింది. వారానికి పాఠమైంది. నెల తిరిగేసరికి మన కంపెనీ పని చేసే ఆరు విమానాశ్రయాలకూ వెళ్ళింది. క్యాంటీన్‌లో మామ ఫోటో పెట్టారు, శాలువా కప్పారు. ఆ ఫోటో నీకు పంపింది నేనే, నువ్వు అక్కడ అందరికీ చూపించుకున్నావు. భూమి రన్‌వే కిందికి పోయిన తర్వాత మామ అంత నిటారుగా నడవడం నేను చూడలేదు బావా. నిన్నటి దాకా "ఏ ముసలాయనా" అని పిలిచినవాళ్ళు కొత్తగా సార్ అంటున్నారు. రోజూ సాయంత్రం చాయ్ తాగగానే నా ఫోన్ వైపు చూసి, "ఎవ్వలేం రాసిండ్రు, సదువు బిడ్డా" అనేవాడు. చదివేదాన్ని. ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వినేవాడు.

మే రెండో వారంలో క్యాంటీన్ ముందు ఆపిన బ్యాటరీ బండి ఒకటి బెత్తెడు కదిలింది. ఎవరో ఫోటో తీసి, "బండికి కూడా చాయ్ తాగబుద్ధి అయింది" అని పెట్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, పొద్దున షిఫ్టులో చదివి వినిపించాను. పది రోజులకు ఇంకో బండి రెండు గజాలు జారి ఖాళీ ట్రాలీని గుద్దింది. దాని గురించి ఎవరూ ఏమీ పెట్టలేదు. జవాబు కింద ఒక హెచ్చరిక రాద్దామని కూర్చున్నాను. రెండు వాక్యాలు రాసి చెరిపేశాను. శాలువా శుక్రవారం కప్పుతారు, అది అయ్యాక చూద్దాం అనుకున్నాను. అయ్యాక ఆయన ఆ శాలువాను మడతపెట్టి అత్తమ్మ పెట్టెలో దాచుకోవడం చూశాను. మళ్ళీ ఊరుకున్నాను.

జూన్ పదకొండు, మంగళవారం, సాయంత్రం నాలుగు గంటలు. మహేశ్వరం స్వరాజ్యం అక్క గుర్తుంది కదా, విమానాల్లో దుప్పట్లు మార్చే ఆమె. పొద్దున నువ్వు డ్యూటీ దిగి వస్తుంటే పిలిచి సర్వపిండి పెట్టేది. కార్గో పక్క వాలులో, స్తంభం దగ్గర వంగి దుప్పట్ల మూటలు లెక్కపెట్టుకుంటోంది. పైన కొత్త డ్రైవర్ మల్లేశ్వర్ బ్యాటరీ బండి ఆపి, బంద్ చేసి, సంతకం కోసం లోపలికి వెళ్ళాడు. వెనక మూడు నిండు ట్రాలీలు. ఆ బండికి చప్పుడు ఉండదు. అక్క తిరిగి చూడడానికి ఏమీ వినిపించలేదు. స్తంభానికీ బండికీ మధ్య ఆమె కుడికాలు నలిగిపోయింది. రెండు ఆపరేషన్లు అయ్యాయి. కాలు ఉంచాలా తీసేయాలా అన్నది దవాఖానలో ఇంకా తేల్చలేదు. ఆమెను చూడడానికి మామ మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ గేటు దగ్గర నిలబడి తిరిగి వచ్చేశాడు.

మల్లేశ్వర్‌ను అడిగితే, "పచ్చ గుర్తు పాఠం సదివి పాసైన సార్, గట్లనే చేసిన" అన్నాడు. అబద్ధం కాదు. అప్పటి నుంచి అందరూ మామ పేరు పట్టుకున్నారు. ప్రమాదం గురించి ముచ్చటలో ఎవరూ రాయకూడదని ఆర్డరు వచ్చింది, అందుకే నీకు తెలియలేదు. పాఠం తీసేయమని నేను బెంగళూరుకు మూడుసార్లు రాశాను. విచారణ అయ్యేదాకా దేన్నీ ముట్టుకోవద్దని జవాబు. ఇక్కడ మాత్రం నోటిమాటగా దిమ్మెలు పెట్టిస్తున్నాం.

ఇంకో సంగతి వింటే నీకు భయమేస్తుంది. మామను ఇంట్లో కూర్చోబెట్టారని తెలిసిన రోజు నుంచి ఆ జవాబుకు లైకులు మళ్ళీ పెరుగుతున్నాయి. ప్రమాదం నాటికి తొంభై ఏడు ఉన్నాయి. ఈ పొద్దున చూస్తే రెండు వందల పదకొండు. ఆయనకు మేమున్నాం అని చెప్పడానికి వాళ్ళకు తెలిసిన దారి అదొక్కటే. దిమ్మె తప్పకుండా పెట్టాలని నేను వేరుగా ఒక జవాబు పెట్టాను. దానికి మూడు పడ్డాయి. దాన్ని నొక్కితే ముసలాయనకు ఎదురు నిలబడినట్టు అనుకుంటున్నారు. తెర తెరిస్తే తప్పుడు మాట పైన ఉంటోంది, సరైన మాట ఎక్కడో అడుగున ఉంటోంది.

నిన్న మధ్యాహ్నం మామ నన్ను పిలిచి, సోమవారం ఇవ్వాల్సిన కాగితం రాయమన్నాడు. అరుగు మీద ఆయన కుర్చీలో, నేను కింద చాప మీద.

"రాసుకో బిడ్డా. మొగులయ్య అనే నేను గా మాట చెప్పింది నిజమే. మందిని ఖరాబ్ చెయ్యాలని చెప్పలే. కొత్త బండ్ల సంగతి నాకు ఎరిక లేకుండె. నాకు ఎవ్వలు చెప్పలే. చిన్న పొల్ల చెప్పినా ఇనేటోన్ని."

నా పెన్ను ఆగిపోయింది. ఇప్పటిదాకా నీకు రాయకుండా దాచింది ఇక్కడ రాస్తాను బావా. చెప్పింది ఒక చిన్న పొల్లే.

అఖిల అని ఛార్జింగ్ షెడ్డులో ట్రైనింగుకు వచ్చిన అమ్మాయి. మైలార్‌దేవ్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. మామ జవాబు పెట్టిన రెండో రోజే, పచ్చ గుర్తు ఇంకా పడకముందే, దాని కింద నాలుగు వరుసలు రాసింది. "సార్, కొత్త బ్యాటరీ బండ్లకు గేరు పట్టు ఉండదు. బంద్ చేస్తే చక్రాలు వదులుగా తిరుగుతాయి. దయచేసి దిమ్మె పెట్టమని చెప్పండి. చిన్నదాన్ని, తప్పయితే క్షమించండి." అక్షరం పొల్లు పోకుండా నాకు గుర్తుంది. పది నిమిషాల్లో నేను దాన్ని తీసేశాను. అది తిట్టు కాదు, చెత్త కాదు. మా మామ మాటను నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అందరి ముందూ కాదంటుందా అని ఒళ్ళు మండింది, అంతే. ఆమెను పిలిచి, పెద్దవాళ్ళకు అట్లా రాస్తారా అని మందలించాను కూడా. తల వంచుకుని "సరే మేడం" అంది. వెళ్ళి మామ జవాబుకు లైకు కొట్టింది.

మామకు చదువు రాదు. ఆ నాలుగు వరుసలు ఆయన చెవిన పడే దారి నేనొక్కదాన్నే. ఆ సాయంత్రం కూడా చాయ్ తాగి ఎవ్వలేం రాసిండ్రని అడిగాడు. అందరూ మెచ్చుకున్నారు మామా అని చెప్పాను. స్వరాజ్యం అక్క కాలు ఆ మాట దగ్గరే నలిగింది. రెండు నెలలుగా నేను అన్నం తింటున్నది, నీకు ఉత్తరాలు రాసింది, అత్తమ్మతో నవ్వింది ఈ సంగతి కడుపులో పెట్టుకునే.

నిన్న ఆ చాప మీద కూర్చుని మామకు మొత్తం చెప్పేశాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"గా పొల్ల ఏం రాసిందో సదువు" అన్నాడు.

నోటికి వచ్చు కాబట్టి చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

"మంచిగ రాసింది. మాఫీ గూడ అడిగింది" అన్నాడు. కాసేపటికి, "నా కాగితంల ఎవ్వలు చెప్పలే అన్న మాట కొట్టెయ్యి. చెప్పిండ్రు. నాకు ముట్టలే" అన్నాడు. ఎవరు ముట్టనివ్వలేదో రాయమనలేదు. లేచి లోపలికి వెళ్ళి, అత్తమ్మ పిలిచినా రాత్రి అన్నానికి రాలేదు.

అది నేనే రాశాను, వేరే కాగితం మీద, నా పేరుతో. తీసేసిన మాటలన్నీ బెంగళూరు కంప్యూటర్‌లో ఎక్కడో ఉంటాయట. వాళ్ళు వెతికి తీసేలోపు సోమవారం నా అంతట నేనే ముందు పెడతాను. నా ఉద్యోగం ఉండదు. ఇంకా ఏమేం ఉండవో తెలియదు. నువ్వు నన్ను ఏమన్నా అను, కానీ మామకు మాత్రం ఫోన్ చేసి ఏమీ తెలియనట్టు మాట్లాడు. ఆ గోడ మీద అంటించిన పాఠం ఇంకా ఉంటే ఈ ఉత్తరం కింద పెట్టి వెంటనే వెళ్ళి చింపెయ్యి. ఓడ వచ్చిందంటే ఆ బండ్లు దింపే చోటు వాలుగా ఉందేమో ముందు చూడు.

ఈ పొద్దున ఛార్జింగ్ షెడ్డుకు వెళ్ళాను, అఖిలకు క్షమాపణ చెబుదామని. తప్పు నాదని, సోమవారం ఆమె రాసిన మాట అందరి ముందూ చదువుతానని చెప్పాను. "సరే మేడం" అంది. అదే గొంతు. నేను మాట్లాడుతుండగా ఆమె నాలుగో నంబరు బండికి ఉన్న ఛార్జింగ్ వైరును మాటిమాటికీ చూస్తోంది. దాని పక్క నుంచి వెళ్ళేటప్పుడు కొంచెం దూరంగా జరిగి నడిచింది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఏం లేదు మేడం."

"ఆ వైరు ఏమన్న అయిందా?"

అటు పక్క పని చేసుకుంటున్న ముత్తయ్యన్నను ఒకసారి చూసింది. "ముత్తన్న వెట్టిండు మేడం. మంచిగనే ఉంటది" అంది.

నేను వెళ్ళి దాని మీద చెయ్యి పెట్టాను. చురుక్కున కాలింది. పైన రబ్బరు మెత్తబడి వేలికి అంటుకుంది. ముత్తయ్యన్నను కేకేసి కరెంటు బంద్ చేయించాను. ఎన్ని రోజుల నుంచి ఇట్లా వేడెక్కుతోందని అఖిలను అడిగాను.

"నెల దాటింది మేడం" అంది.

ఇట్లు,
నీ మేనమరదలు, నీ ఇల్లాలు
కళ్యాణి